అమెరికా శాటర్న్‌లో జపాన్ డిస్కులు నడవట్లేదు, కన్సోల్ పాడైందా?

గుంటూరు_టు_డాలస్

అందరికీ నమస్తే. రెండేళ్ళుగా ఈ ఫోరంలో పోస్టులు చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదలు. మొన్న హైదరాబాద్ నుంచి డాలస్ తిరిగొస్తూ టోక్యోలో రెండు రోజులు ఆగాను. టికెట్ చవగ్గా వచ్చిందని ఇంట్లో చెప్పాను గానీ అసలు సంగతి అకిహబర. అక్కడో పాత గేముల షాపులో సెగా శాటర్న్ (తొంభైల నాటి గేమ్ కన్సోల్) డిస్కులు కిరాణా కొట్లో సబ్బుల్లా వరసగా పేర్చి ఉన్నాయి. ఇక్కడ ‘పంజర్ డ్రాగూన్ సాగా’ అమెరికా కాపీ కొనాలంటే నెల కారు కిస్తీ కన్నా ఎక్కువే అవుతుంది, అదే ఆట జపాన్ కాపీ, అక్కడ పేరు ‘ఆజెల్’, నాలుగు డిస్కుల పెట్టె, హోటల్లో ఒక భోజనం ఖర్చుకి వచ్చేసింది. ఇంక చెయ్యి ఆగలేదు, ఆరు కొన్నాను. ఆజెల్, షైనింగ్ ఫోర్స్ 3 సినారియో 2, ఎక్స్‌మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్, సకురా తైసెన్, కింగ్ ఆఫ్ ఫైటర్స్ 95, ఆరోదాని పేరు చదవడం రాలేదు, అట్ట మీద రైలు బొమ్మ బాగుందని తీసుకున్నా.

ఇంటికొచ్చి నా అమెరికా శాటర్న్‌లో పెడితే సెగా బొమ్మ వస్తుంది, తర్వాత సీడీ ప్లేయర్ స్క్రీన్‌కి పోతుంది, ఈ సిస్టమ్‌కి ఈ డిస్క్ పనికిరాదు అని ఇంగ్లీషులో ఒక లైను. ఆరుకి ఆరూ అంతే. నా దగ్గరున్న అమెరికా డిస్కులు మాత్రం శుభ్రంగా నడుస్తున్నాయి. లెన్స్ అరిగిందా, లేక నాకు డూప్లికేట్లు అంటగట్టారా? ఇంకోటి, ఆన్ చేసిన ప్రతిసారీ భాష, తేదీ అడుగుతోంది. రెండిటికీ సంబంధం ఉందా?

బ్రో_ఒక్కనిమిషం

సింపుల్ బ్రో. ఆ డిస్క్‌ని కంప్యూటర్లో పెట్టి కాపీ తీసి ఇంకో సీడీలో రైట్ చేసెయ్. నేను పీఎస్1కి (మొదటి ప్లేస్టేషన్) అలాగే చేసేవాణ్ణి, దేశం గీశం ఏమీ అడిగేది కాదు.

నిషికసాయి_నాని

ఒక్కనిమిషం బ్రో, ఈసారి నువ్వే ఒక్క నిమిషం ఆగు. నీ పీఎస్1కి ఎవరో తాళం దాటించే చిప్ వేసిచ్చి ఉంటారు, అందుకే అది ఏమీ అడగలేదు.

గుంటూరు అన్నా, నీ కన్సోల్ బాగుంది, డిస్కులూ అసలువే. శాటర్న్‌లో రెండు తాళాలు ఉంటాయి, జనం రెండూ ఒకటే అనుకుని తికమక పడతారు. ఒకటి డిస్క్ మొదట్లో ఉండే హెడర్. అందులో ఈ డిస్క్ ఏ ప్రాంతానిదో అక్షరాల్లో రాసి ఉంటుంది, జపాన్‌కి జె, ఉత్తర అమెరికాకి యు, యూరప్‌కి ఇ, మిగతా ఆసియాలో ఎన్‌టీఎస్‌సీ అనే టీవీ పద్ధతి వాడే చోట్లకి టి. నీ కన్సోల్ ఏ ప్రాంతానిదో లోపల బోర్డు మీద జంపర్లతో ఖాయం చేసి ఉంటుంది. ఆన్ చేయగానే బయోస్ (కన్సోల్ మొదట నడిపే సొంత ప్రోగ్రామ్) రెండూ పోల్చి చూస్తుంది, కలవకపోతే నువ్వు చూసిన ఆ లైను. అంతే, దానికి లెన్స్‌తో పనిలేదు. పైగా లెన్స్ చదివింది కాబట్టే హెడర్‌లో జె అని తెలిసింది.

రెండో తాళం డిస్క్ బయటి అంచులో ఉండే రింగ్. ఫ్యాక్టరీలో ముద్ర వేసినప్పుడే వస్తుంది, మన సీడీ రైటర్ దాన్ని రాయలేదు. బ్రో చెప్పినట్టు కాపీ తీస్తే ఇప్పుడు ఒక్క తాళం దగ్గర ఆగిపోతున్నది రెండు తాళాల దగ్గర ఆగిపోతుంది.

తేదీ అడగడం వేరే కథ. వెనక చిన్న మూత తీస్తే సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది, మందుల షాపులో కూడా దొరుకుతుంది. అది చచ్చిపోతే తేదీ, భాష, సేవ్‌లు అన్నీ మర్చిపోతుంది.

మరో మాట. కింగ్ ఆఫ్ ఫైటర్స్ 95 అన్నావే, దాని పెట్టెలో డిస్క్‌తో పాటు క్యాసెట్ ఒకటి ఉండాలి. ఉందా?

గుంటూరు_టు_డాలస్

హమ్మయ్య. గంట సేపు లెన్స్ వీడియోలు చూసి స్క్రూడ్రైవర్ కూడా తీశాను, ఆగిపోవడం మంచిదైంది.

క్యాసెట్టా? లేదు నాని. ఒట్టి డిస్కే, ప్లాస్టిక్ కవర్లో పెట్టి 300 యెన్లకి ఇచ్చారు. అందుకేనా అంత చవక?

నిషికసాయి_నాని

అందుకే 🙂 ఆ ఆటలో సగం సరుకు ర్యామ్ క్యాసెట్‌లో... కాదు కాదు, ర్యామ్ కాదు, రోమ్ క్యాసెట్‌లో ఉంటుంది. డిస్క్, క్యాసెట్ రెండూ ఉంటేనే మొదలవుతుంది. క్యాసెట్ కూడా విడిగా వెతికి కొనాలి, లేదా ఫ్రేమ్ కట్టించి గోడకి పెట్టుకోవాలి.

మిగతా ఐదిటికీ దారి సులువు. వెనకున్న క్యాసెట్ స్లాట్‌లో పెట్టే యాక్షన్ రీప్లే 4ఎం ప్లస్ లాంటిది ఒకటి కొనుక్కో. కన్సోల్ ఆన్ కాగానే అది మధ్యలో దూరి ప్రాంతం పరీక్ష దాటించేస్తుంది. దాంట్లోనే అదనపు ర్యామ్ కూడా ఉంటుంది, ఎక్స్‌మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్‌కి ఎలాగూ 4 ఎంబీ ర్యామ్ కావాలి. 1997లో అది జపాన్‌లో ర్యామ్ క్యాసెట్‌తో కలిపి అమ్మారు, అమెరికాకి రానే లేదు. సేవ్‌లు దాచుకోవడానికి కూడా చోటుంటుంది. ఒకే దెబ్బకి మూడు పనులు.

చిక్కల్లా ఏంటంటే స్లాట్ ఒక్కటే. రేపు నువ్వు కింగ్ ఆఫ్ ఫైటర్స్ క్యాసెట్ సంపాదించినా అది పెట్టాలంటే ఇది తీయాలి, ఇది తీస్తే ప్రాంతం తాళం పడిపోతుంది. దానికైతే లోపల జంపర్లకి స్విచ్ వేయించాలి, లేదా బయోస్ చిప్ మార్పించాలి.

సమురాయ్_పిల్లాడు

ఇదంతా చదువుతుంటే నవ్వొస్తోంది. మేం రాజమండ్రిలో సమురాయ్ వీడియో గేమ్ మీద ఆడిన రోజుల్లో రీజియన్ లాక్ అనే మాటే తెలీదు. ఏ ఊళ్ళో ఏ క్యాసెట్ కొన్నా దిగేది. సంతలో కొన్నా, సింగపూర్ నుంచి మేనమామ తెచ్చినా. పసుపు రంగు క్యాసెట్, మీద 9999 ఆటలని బొమ్మ, లోపల తిప్పి తిప్పి అవే ఆరు. దిగకపోతే ఉఫ్ అని ఊదేవాళ్ళం.

నిషికసాయి_నాని

అది ఎందుకో తెలుసా? ఆ సమురాయ్, దాని అన్నదమ్ములు అన్నీ నింటెండో వాళ్ళ జపాన్ కన్సోల్ ఫామికామ్‌కి నకళ్ళు. 1983లో ఫామికామ్ వచ్చినప్పుడు దానికి తాళం చిప్పే లేదు, క్యాసెట్‌కి 60 పిన్నులు. అమెరికాకి 1985లో ఎన్ఈఎస్ పేరుతో వెళ్ళేటప్పుడు 72 పిన్నులు చేశారు, లోపల తాళం చిప్ పెట్టారు, క్యాసెట్‌లో ఒక చిప్, కన్సోల్‌లో ఒక చిప్, రెండూ మాట్లాడుకుంటూ ఉండాలి, మాట కలవకపోతే కన్సోల్ పదే పదే రీసెట్ అవుతుంది. అమెరికాలో పిల్లలు ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే ఊదింది అందుకే. కాబట్టి నీ చిన్ననాటి క్యాసెట్ ఇంకా ఉంటే అది అకిహబరలో కొన్న అసలు ఫామికామ్‌లో దర్జాగా కూర్చుంటుంది, డాలస్‌లో ఎన్ఈఎస్‌లో మాత్రం అడాప్టర్ లేకుండా దిగదు.

పాతటీవీ_మాస్టారు (మోడరేటర్)

ఇంకో సంగతి చెబితే సమురాయ్ పిల్లాడి మనసు కష్టపెట్టుకుంటాడేమో. మన కరెంటు 50 హెర్ట్జ్, దానికి తగ్గట్టే మన టీవీలు పాల్ పద్ధతివి, తెర మీద బొమ్మ సెకనుకి 50 సార్లు గీస్తాయి. ఫామికామ్ ఆటలు రాసింది 60కి. మన కోసం 50 హెర్ట్జ్‌కి మార్చిన నకలు అయితే, ఫ్రేములు లెక్కపెట్టుకుంటూ నడిచే ఆట ఆరింట ఐదు వంతుల వేగంతోనే నడుస్తుంది, పాట కూడా అదే వరసన సాగుతుంది. నువ్వు కాంట్రాలో వీరుడివి అయ్యావంటే అందులో విద్యుత్ బోర్డు వాటా కూడా కొంచెం ఉండొచ్చు.

సమురాయ్_పిల్లాడు

మాస్టారూ, 30 ఏళ్ళుగా మా అన్నయ్య ముందు చెప్పుకుంటున్న గొప్ప అది ఒక్కటే. ఈ పోస్టు డిలీట్ చేయండి.

లీసెస్టర్_లక్ష్మి

50, 60 మాట వచ్చింది కాబట్టి నా గోడు. నాది యూరప్ శాటర్న్, ఇక్కడ లీసెస్టర్‌లో పొరుగావిడ అటక సర్దుతూ ఇచ్చేసింది. నేనూ నాని చెప్పిన క్యాసెట్టే కొని జపాన్ డిస్క్ పెట్టాను. మొదలైంది, సంతోషం. కానీ పైనా కిందా నల్ల పట్టీలు, బొమ్మ మధ్యలో నలిపినట్టు, పాట నీరసంగా. క్యాసెట్ ప్రాంతం తాళం తీస్తుంది గానీ హెర్ట్జ్ మార్చదు అని అప్పుడు తెలిసింది. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఈ బాధ లేదు, జపాన్, అమెరికా రెండూ 60.

చివరికి 50/60 స్విచ్ వేయించాను. వేసినాయన పని బాగానే చేశాడు గానీ స్విచ్ కోసం వెనక పెట్టిన కన్నం వంకరగా పెట్టాడు, దిష్టి తగలకుండా అనుకుని వదిలేశాను. మొదటిసారి 60లో పెట్టి ఆడితే తెరమీద అంతా పరిగెడుతున్నట్టు అనిపించింది, ఇన్నాళ్ళూ నేను ఆడింది నిద్రమత్తులో ఉన్న ఆట.

ఎడిసన్_కృష్ణ

మధ్యలో దూరుతున్నందుకు సారీ, సూపర్ నింటెండో గురించి ఒక డౌట్. నాది అమెరికాది. జపాన్ క్యాసెట్ కొన్నాను, స్లాట్‌లోకి దిగట్లేదు. మా కజిన్ యూరప్ క్యాసెట్ ఒకటి పంపాడు, అదీ అదే ఆకారం, అదీ దిగట్లేదు. రెండిటికీ ఒకటే మందా?

నిషికసాయి_నాని

చూడటానికి రెండూ ఒకటే, లోపల పూర్తిగా వేరు. జపాన్ సూపర్ ఫామికామ్‌కీ అమెరికా సూపర్ నింటెండోకీ తాళం చిప్ ఒకే రకం. అడ్డం వచ్చేది ప్లాస్టిక్ మాత్రమే. స్లాట్‌లోకి టార్చి వేసి చూడు, వెనక వైపు రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు లేచి ఉంటాయి. అమెరికా క్యాసెట్ వీపు మీద వాటికి సరిపడా గాళ్ళు ఉంటాయి, జపాన్ క్యాసెట్‌కి ఉండవు. ముక్కుపట్టకారుతో ఆ రెండూ విరిచేస్తే పని అయిపోయినట్టే. కంపెనీ పెట్టిన తాళం అంటే ఏదో అనుకుంటాం గానీ ఇక్కడ అది బెండకాయ ముచ్చిక తుంచినంత పని.

యూరప్ క్యాసెట్‌లో చిప్ వేరు. ప్లాస్టిక్ విరిచినా క్యాసెట్ కూర్చుంటుంది గానీ ఆట రాదు.

ఎడిసన్_కృష్ణ

విరిచా. ఒకటి టక్కున వచ్చింది, రెండోది సగం విరిగి లోపల పడింది, కన్సోల్ తలకిందులు చేసి పది నిమిషాలు ఊపితే బయటికొచ్చింది. జపాన్ క్యాసెట్ మొదటి దెబ్బకే వచ్చింది!! కజిన్‌కి ఏం చెప్పాలో ఆలోచిస్తున్నా.

వైజాగ్_అలలు

ఇక్కడ ఎవరూ కరెంటు సంగతి ఎత్తలేదు కాబట్టి నా పాపం నేనే చెప్పుకుంటాను. మా బావగారు యొకొహామా నుంచి తెల్ల శాటర్న్ తెచ్చారు, జపాన్‌ది. దానికి రెండు బల్లపరుపు పిన్నుల ప్లగ్. ఇంట్లో ట్రావెల్ అడాప్టర్ ఉంది, అందులో గుచ్చి మన సాకెట్‌లో పెట్టాను. ఆన్ బటన్ నొక్కను కూడా లేదు. టప్ మని శబ్దం, ఒక సెకను తర్వాత ఉప్పుచేప కాల్చినట్టు వాసన. మా అక్క వంటగదిలోంచి ఏం మాడింది అని అడిగింది. బావగారు అక్కడే కుర్చీలో ఉన్నారు, ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. ఫ్యూజు మారిస్తే సరిపోతుందా?

పాతటీవీ_మాస్టారు (మోడరేటర్)

ట్రావెల్ అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుంది, వోల్టేజీ మార్చదు నాయనా. జపాన్‌లో 100 వోల్టులు, మన దగ్గర 230. లోపల ఏం జరిగిందో లెక్క చూడు. సప్లై బోర్డులో ముందు ఏసీని డీసీ చేస్తారు, అప్పుడు వచ్చేది శిఖరం విలువ, అంటే 1.414తో హెచ్చవేయాలి. 100 అయితే 141. 230 అయితే 325. 100 వోల్టులకని చేసిన బోర్డుల్లో అక్కడ సాధారణంగా 200 వోల్టుల కెపాసిటర్ పెడతారు. 325 పడితే అది పేలక ఏం చేస్తుంది. అమెరికాలో 120, అంటే 170, 200 లోపే ఉంది కాబట్టి చాలామంది జపాన్ కన్సోల్ అక్కడ నేరుగా పెట్టి నడిపేస్తుంటారు. నేనైతే అది కూడా చేయను, ఇంతకాలం బతికిన కెపాసిటర్‌ని ఇప్పుడు ఎందుకు పరీక్షించడం.

కోఠి_గల్లీ

వైజాగ్ బ్రో, ఒట్టి ఫ్యూజు మార్చి మళ్ళీ పెట్టకు, ఇంకోసారి పోతుంది. ఆ లావు కెపాసిటర్ చూడు, నెత్తి ఉబ్బి ఉంటుంది. దాంతో పాటు స్విచ్చింగ్ ట్రాన్సిస్టర్ కూడా షార్ట్ అయి ఉండొచ్చు, మీటరు పెట్టి చూడాలి. ప్లగ్ పీకేసినా ఆ కెపాసిటర్‌లో చార్జి ఉంటుంది, వేలు పెట్టావంటే గట్టిగా తగులుతుంది, అలవాటు లేకపోతే తెలిసినవాళ్ళకి ఇవ్వు. మంచి విషయం ఏంటంటే చాలాసార్లు సప్లై బోర్డు తనే చచ్చి మెయిన్ బోర్డుని కాపాడుతుంది.

తర్వాత స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొను. ఇక్కడ కోఠిలో గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, మీ వైపు కూడా ఉంటాయి. ఒక్కటే గుర్తు, చేతిలోకి తీసుకుంటే బరువుండాలి. లోపల ఇనుము, రాగి తీగ ఉంటే బరువు రాక తప్పదు. అరచేతిలో పట్టేంత తేలికైన డబ్బా చూపించి 1000 వాట్లు అంటారు, అవి హెయిర్ డ్రైయర్లకి, కరెంటుని ముక్కలు ముక్కలుగా కోసి పంపుతాయి, కన్సోల్‌కి పెట్టొద్దు. శాటర్న్‌కి 100 వీఏది ధారాళంగా సరిపోతుంది. 110 అని కాకుండా 100 వోల్టుల అవుట్‌పుట్ ఉన్నది అడుగు.

ఇంకోటి, సూపర్ ఫామికామ్ తెచ్చుకునేవాళ్ళకి. దాని అడాప్టర్ డీసీ 10 వోల్టులు, 850 మిల్లీ ఆంపులు, మధ్యలో మైనస్. మన దగ్గర దొరికే వాటిలో ఎక్కువ మధ్యలో ప్లస్. పిన్ను దూరింది కదా అని పెట్టేయొద్దు. అమెరికా ఎన్ఈఎస్ అడాప్టర్ అయితే ఏకంగా ఏసీ ఇస్తుంది, అది జపాన్ ఫామికామ్‌కి పెడితే మళ్ళీ ఉప్పుచేప.

వైజాగ్_అలలు

కెపాసిటర్ నెత్తి ఉబ్బే ఉంది. చక్కగా చిన్న ఇడ్లీలా. బావగారికి ఫొటో పంపాను, ఇప్పుడు మాత్రం నవ్వారు.

బ్రో_ఒక్కనిమిషం

ఇన్ని తిప్పలెందుకు, కంప్యూటర్లోనే కన్సోల్ పని చేసే ఎమ్యులేటర్ పెట్టుకుంటే ప్రాంతం లేదు, వోల్టేజీ లేదు, ఉప్పుచేప లేదు.

పాతటీవీ_మాస్టారు (మోడరేటర్)

నిజమే, చాలామందికి అదే సరైన దారి. కాకపోతే ఈయన ఆరు డిస్కులు మోసుకొచ్చాడు. పెళ్ళిభోజనానికి వచ్చినవాణ్ణి పార్శిల్ తీసుకుపొమ్మంటే ఎలా.

గుంటూరు_టు_డాలస్

పది రోజులైంది, అప్‌డేట్. క్యాసెట్ వచ్చింది. పెట్టాను. రాలేదు. అసలు క్యాసెట్ ఉన్నట్టే కన్సోల్ గుర్తించలేదు, మళ్ళీ అదే లైను. అమ్మినవాడికి మెయిల్ పెడితే మా దగ్గర టెస్ట్ చేసినప్పుడు బాగానే ఉందంటాడు.

నిషికసాయి_నాని

కంగారు పడకు. శాటర్న్ స్లాట్‌కి ఇది పుట్టుకతో ఉన్న జబ్బు, పిన్నులు వదులవుతాయి. ముందు క్యాసెట్ అంచుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడువు. ఊదొద్దు, సమురాయ్ పిల్లాడి మాట వినొద్దు, నోటి తడి తగిలితే ఆ లోహం ఇంకా నల్లబడుతుంది. ఆరాక పెట్టి, తీసి, పెట్టి, తీసి, ఓ పదిసార్లు చెయ్యి, స్లాట్ లోపలి మురికి కూడా దానికి అంటుకొస్తుంది. అప్పటికీ రాకపోతే పూర్తిగా అడుగుకి నొక్కకుండా ఒక వెంట్రుక మందం పైకి లాగి వదిలి చూడు.

గుంటూరు_టు_డాలస్

మొదటి పుల్ల మసిగుడ్డలా వచ్చింది. రెండోది బూడిద రంగు. నాలుగో పుల్లకి తెల్లగా వచ్చింది. పెట్టాను, రాలేదు. ఎనిమిదోసారో తొమ్మిదోసారో పెట్టి, నువ్వన్నట్టు కొంచెం పైకి లాగి, ఊపిరి బిగబట్టి ఆన్ చేశాను. క్యాసెట్ మెనూ వచ్చింది! స్టార్ట్ గేమ్ నొక్కితే ఎక్స్‌మెన్ మొదలైంది, అందులో ఇద్దరిద్దరు దూకుతూ వస్తుంటే ఎక్కడా ఆగకుండా నడుస్తోంది. అర్ధరాత్రి అరిచాను, పై గదిలో నాన్న నిద్ర లేచారు.

ఇప్పుడు క్యాసెట్ దగ్గర ఎవరినీ నడవనివ్వట్లేదు. వ్యాక్యూమ్ క్లీనర్ కూడా ఆ గదిలోకి రావడానికి వీల్లేదని చెప్పాను.

అయితే షైనింగ్ ఫోర్స్ దగ్గర కొత్త కష్టం. నడుస్తోంది, కానీ ఒక్క ముక్క అర్థం కాదు. 1998లో ఇంగ్లీషులో వచ్చింది సినారియో 1 ఒక్కటే, కథ నడిమధ్యలో ఆపేశారు, 2, 3 జపాన్ దాటి రాలేదు. సినారియో 1 హీరో సిన్బియోస్ కథ ఆడి వదిలేసి ఇన్నేళ్ళయింది, ఇప్పుడు సినారియో 2 హీరో మెడియన్ ఎదురుగా ఎవరో నిలబడి ఏదో చెబుతున్నాడు, నేను మా ఊరి బస్టాండులో తప్పిపోయిన జపాన్ టూరిస్టులా చూస్తున్నా.

లీసెస్టర్_లక్ష్మి

నాదీ అదే స్టేజి. నేను చేసిన పని జపాన్ వాళ్ళు పరాయి మాటలు రాసే కతకానా లిపి నేర్చుకోవడం, రెండు వారాలు పడుతుంది, అంతే. మెనూల్లో చాలా మాటలు ఇంగ్లీషువే, జపాన్ లిపిలో రాసి ఉంటాయి. మన తెలుగువాళ్ళకి చెవికి కూడా అలవాటే. మనం బస్‌ని బస్సు, కార్‌ని కారు, టికెట్‌ని టిక్కెట్టు అని చివర ఒక అచ్చు తగిలిస్తాం కదా, వాళ్ళూ అంతే. బస్ అంటే బసు. హోటల్ అంటే హోతెరు. స్టార్ట్ అంటే సుతాతో. చదివి పైకి అనుకుంటే అర్థమైపోతుంది.

పీఎస్1 జపాన్ డిస్కులు ఆడేవాళ్ళకి ఒక హెచ్చరిక, అక్కడ సున్నా బటన్ అంటే సరే, ఇంటూ అంటే వద్దు, మనకి అలవాటైన దానికి ఉల్టా. మొదటి రోజు నేను సేవ్ చేయబోయి మూడుసార్లు బయటికొచ్చేశాను.

నిషికసాయి_నాని

మెనూల వరకు లక్ష్మి గారన్నది నిజం. కథ మాత్రం కతకానాతో రాదు, కంజీ (చైనా నుంచి వచ్చిన అక్షరాలు) కావాలి. షైనింగ్ ఫోర్స్‌కి అభిమానులు చేసిన ఇంగ్లీష్ అనువాదం ఉంది, అన్ని సినారియోలకీ. నీ డిస్క్‌ని కంప్యూటర్లోకి ఇమేజ్‌గా (పూర్తి కాపీ ఫైలు) తీసుకుని దాని మీద అనువాదం ప్యాచ్ వేయాలి. కానీ ప్యాచ్ వేసింది సీడీలో రాస్తే మొదట చెప్పిన రింగ్ తాళం అడ్డొస్తుంది, మామూలు యాక్షన్ రీప్లే దాన్ని దాటించదు. రెండు దార్లు. నీ క్యాసెట్‌లోకి సూడో శాటర్న్ కై అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంటే అది రైట్ చేసిన సీడీలు కూడా నడిపిస్తుంది. లేదా సీడీ డ్రైవ్ తీసేసి ఎస్‌డీ కార్డు నుంచి చదివే బోర్డు పెట్టించుకోవాలి, ఖర్చెక్కువ. ముందు మొదటిదే చూడు.

పాతటీవీ_మాస్టారు (మోడరేటర్)

గుర్తుచేస్తున్నా, సొంత డిస్క్ మీద ప్యాచ్ వేసుకోవడం గురించి మాట్లాడుకోవచ్చు, ఇమేజుల లింకులు మాత్రం ఇక్కడ పెట్టొద్దు. పెడితే తీసేస్తా, తర్వాత నన్ను తిట్టొద్దు.

సమురాయ్_పిల్లాడు

అన్నీ చెప్పావు గుంటూరు అన్నా, ఆ రైలు బొమ్మ డిస్క్ ఏమైంది?

గుంటూరు_టు_డాలస్

అదే చెప్పబోతున్నా. నానికి అట్ట ఫొటో పంపితే ‘దెన్షా దే గో’ అన్నాడు, లోకల్ రైలు నడిపే ఆట. నేను ఇంకేదో యుద్ధం అనుకున్నా. సరే అని పెట్టాను, యమనోతే లైన్, నాలుగో స్టేషన్లో గీత దాటి పోనిచ్చాను, మార్కులన్నీ పోయి ఆట ఐపోయింది.

వెనక సోఫాలో నాన్న కూర్చుని చూస్తున్నారు. గుంటూరు డివిజన్‌లో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యారు, రెండు నెలలకని ఇక్కడికొచ్చి మూడో రోజు నుంచి బోర్ అంటున్నారు. అదిలా తే అన్నారు. కంట్రోలర్ ఎలా పట్టుకోవాలో చెప్పాను, యాక్సిలరేటర్ నాచ్ (మెట్టు) ఇది, బ్రేకు ఇది అని. భాష ఆయనకి అడ్డమే కాలేదు, వేగం, దూరం, గడియారం, మూడే కదా చూడాల్సింది. దూరం 300 మీటర్లు చూపిస్తుండగానే బ్రేకు ఒక నాచ్ వేశారు. నేను అంత ముందుగానా అన్నాను. మాట్లాడకు అన్నారు. ఒకటి వేసి, వదిలి, మళ్ళీ వేసి, ప్లాట్‌ఫామ్ మీద అర మీటరు తేడాలో ఆపారు. నాకు చెప్పిందేంటంటే, నువ్వు వేసినట్టు చివర్లో గట్టిగా వేస్తే వెనక పెట్టెలో నించున్నవాళ్ళంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతారురా.

ఇప్పుడు పొద్దున టిఫిన్ కాగానే డ్యూటీ ఎక్కుతున్నారు. టైముకి పన్నెండు సెకన్లు ఆలస్యం అయిందని నిన్న మధ్యాహ్నం అంతా దిగులుగా ఉన్నారు. నాకు శాటర్న్ దొరకట్లేదు. మెడియన్ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

నానీ, నాన్నకి ఒక కంప్లయింట్ ఉంది. స్టేషన్లోకి వచ్చేటప్పుడు హారన్ కొట్టాలి కదా, ఏ బటనో దొరకట్లేదు, అన్నీ నొక్కి చూశారు, ఒకసారి ఎమర్జెన్సీ బ్రేకు పడి మార్కులు పోయాయి. హారన్ లేకుండా బండి నడపనంటున్నారు.

నిషికసాయి_నాని

పెట్టెలో చిన్న పుస్తకం ఉంటుంది, దాంట్లో కంట్రోలర్ బొమ్మ ఉన్న పేజీ ఫొటో తీసి పెట్టు, చదివి చెబుతా. అంకుల్‌ని అంతవరకు బండి షెడ్‌లో పెట్టమను.